గోడ దాటి వచ్చినంత

ఆదివారం పది గంటలకి మా ఇంట్లో ఫ్యాన్లు ఆపేస్తారు. ఫ్రిజ్ స్విచ్ కట్టేస్తారు. టిక్కుటిక్కుమనే గోడ గడియారాన్ని దించి, పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా బీరువాలో పెడతారు. ఆపేస్తారు, కట్టేస్తారు, పెడతారు అంటున్నాను గానీ ఇవన్నీ చేసేది నేనే. మా ఆయన స్వయంగా చేసేది ఒక్కటే. వంటింటి గుమ్మం దాకా వచ్చి, "మొదలుపెడుతున్నాం" అని చెప్పి, నన్ను లోపల ఉంచి తలుపు వేస్తాడు.

మా ఆయనకి జాజ్ పిచ్చి. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో అధికారి. ఆయనతో బాటు ఇంకో ఇద్దరున్నారు, ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన కాలేజీలో లెక్కల లెక్చరరు. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ముగ్గురూ తలా ఒక ఆల్బమ్ తెచ్చుకుని మా హాల్లో కూర్చుంటారు. పెద్ద నల్ల రికార్డులు, పైన అట్టలు. రికార్డు ఒక పక్క తిరిగి ఆగడానికి సుమారు ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కాలు ఊపకూడదు. రికార్డు తిరగేసేటప్పుడు టీ రావాలి. ముందొస్తే కప్పుల చప్పుడు, ఆలస్యమైతే రెండో పక్క చల్లారిన టీతో వినాల్సి వస్తుంది. రెండూ నేరాలే.

ఈ ఇరవై రెండు నిమిషాల్లో నేను మిక్సీ వెయ్యకూడదు, కుక్కర్ పెట్టకూడదు. నీళ్ళు కావాలంటే కుళాయిని దారంలా తిప్పుకుని, సింకులో గుడ్డ పరిచి, దానిమీద పడనివ్వాలి. గరిటె జారితే పట్టుకోవడం పద్నాలుగేళ్ళలో నాకు బాగా అలవాటైంది. సర్కస్ వాళ్ళు చూస్తే ఉద్యోగం ఇస్తారు. హాల్లో ఉన్నవాళ్ళు "ఆహా, ఎంత నిశ్శబ్దం, నోటుకీ నోటుకీ మధ్య గాలి కూడా వినిపిస్తోంది" అనుకుంటారు. ఆ గాలిని లోపల కూర్చుని తయారుచేసేది ఎవరో వాళ్ళకి తట్టదు. టీ లాగే అది కూడా దానంతటదే వస్తుందనుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో ఈ పిచ్చి చూసి నేను కొంచెం బెదిరితే మా అత్తగారు ధైర్యం చెప్పారు. "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలమ్మా. తాగుడు కంటే నయం కదా. చప్పుడే కదా, చెవులు మూసుకో." ఆవిడ ఆ సలహా స్వయంగా పాటించారు. ఇప్పుడావిడకి వినికిడి మిషనుంది. ఆదివారం పదికల్లా దాన్ని తీసి తలగడ కింద పెట్టుకుని, "వారానికి ఈ ఒక్కరోజే నాకు హాయి" అంటూ పడుకుంటారు. నాకు తీసి పెట్టుకోవడానికి ఏమీ లేదు.

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ చదువు నాకు ఒకే ఒక్క విషయంలో పనికొచ్చింది. గోడలు, తలుపులు సన్నటి శబ్దాల్ని ఆపేస్తాయి, లావుపాటి శబ్దాల్ని ఆపలేవు. అందుకని హాల్లో ట్రంపెట్ ఎంత గొప్పగా పలికినా వంటింట్లోకి రాదు. శాక్సోఫోన్ రాదు. పియానో ఎడమచేతి వైపు కొంచెం వస్తుంది. పూర్తిగా వచ్చేది మాత్రం డబుల్ బేస్. అంటే మనిషి కంటే పొడుగ్గా ఉంటుంది, వయొలిన్‌కి పెద్దన్న లాంటిది. వాయించేవాడు దాన్ని కావలించుకున్నట్టు నిలబడి వేళ్ళతో మీటుతాడు. దాన్ని ఒక అట్టమీద ఫోటోలో చూశాను. పద్నాలుగేళ్ళలో మా ఇంటికొచ్చిన కొన్ని వందల ఆల్బముల్లో నేను విన్నది అదొక్కటే. ధుమ్ ధుమ్ అని నేలలోంచి వచ్చి, అరికాళ్ళ మీదుగా ఎక్కి, కూరగాయల పళ్ళెంలో చెంచాని కొంచెం కదిపి పోతుంది.

వాళ్ళు ఆల్బములని పేర్లతో పిలుస్తారు. నాకు పేర్లు తెలియవు, పనులు తెలుసు. ఒకటి బంగాళాదుంపల పాట. ఇంకోటి చిమ్నీ జిడ్డు తోమే పాట. బాగా నెమ్మదిగా నడిచేది ఒకటుంది, దాని రెండో పక్క మొత్తం బియ్యంలో రాళ్ళు ఏరడానికి సరిపోతుంది. తలుపు తెరుచుకుని టీ పట్టుకెళ్ళినప్పుడు వాదోపవాదాలు వినపడతాయి.

"ఇందులో శాక్సోఫోన్ ఏడుస్తోందండీ" అంటాడు పళ్ళ డాక్టరు.

"ఏడవడం లేదు. ఏడుపు ఆపుకుంటోంది. ఆ తేడా తెలియకపోతే మనం ఇన్నేళ్ళు విన్నదంతా వృథా" అంటాడు లెక్చరరు.

"ఆపుకోవడం కూడా కాదు. ఏడ్చేసిన తర్వాత ముఖం కడుక్కున్నాక ఉండే స్థితి అది" అంటాడు మా ఆయన.

అరగంట సాగుతుంది ఇది. పోయినేడాది మా అమ్మ పోయి నేను తిరిగొచ్చిన వారం, ఏడుస్తున్నానో ఆపుకుంటున్నానో ముఖం కడుక్కున్నానో ఈ ముగ్గురిలో ఎవరికీ తేడా తెలియలేదు. "వదినగారు కొంచెం చిక్కారు" అన్నాడు పళ్ళ డాక్టరు, బిస్కెట్ తీసుకుంటూ.

ఏడాదికోసారి ముగ్గురూ తమకి నచ్చిన పది ఆల్బముల జాబితాలు ఇచ్చుకుంటారు. అది వాళ్ళకి పెద్ద పరీక్ష. లెక్చరరు పద్నాలుగేళ్ళుగా ఒకే జాబితా ఇస్తున్నాడు, మారిస్తే తనే తప్పని ఒప్పుకున్నట్టవుతుందట. పళ్ళ డాక్టరు జాబితా వారానికోసారి మారుతుంది. ఒకసారి ఆయన నా చేతిలోంచి కప్పు అందుకుంటూ, "ఏం వదినగారూ, మీకేది ఇష్టం వీటిలో?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయనే చెప్పేశాడు. "దానికి ఇవన్నీ ఒకటేనండీ. దడదడ అంటుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అన్నది మరీ అబద్ధం కాదు. నాకు వినిపించేది దడదడే.

ఆ నవ్వు గురించి తర్వాత ఆలోచించాను. నాకు కోపం రాలేదు. బాధ కూడా లేదు. ఒకసారి పళ్ళ డాక్టరే నా జ్ఞానదంతం పీకాడు. ఇంజెక్షన్ ఇచ్చి, దవడని వేలితో నొక్కి, "మొద్దుబారిందా వదినగారూ? ఇప్పుడు ఏం చేసినా తెలియదు" అన్నాడు. నా దవడ నాది కాదన్నట్టు, ఎవరిదో నా ముఖానికి అతికించినట్టు అనిపించింది. అది చాలా తెలిసిన సంగతిలా అనిపించి ఆశ్చర్యపోయాను. మిగతా నేనంతా అలా అయి ఎన్నేళ్ళయిందో, ఆ ఇంజెక్షన్ ఎవరు, ఏ పూట ఇచ్చారో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఒక్క పూటలో ఇచ్చింది అయి ఉండదు.

వాళ్ళ దగ్గర ఒక రికార్డుంది. అట్టమీద గొడుగు బొమ్మ, అందుకని గొడుగు అట్ట అంటారు. దాని వెనక వాయించినవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, బేస్ దగ్గర మాత్రం "ఒక మిత్రుడు" అని వేశారు. ఆ వాయించినవాడు అప్పుడు వేరే రికార్డు కంపెనీతో ఒప్పందంలో ఉండి ఉంటాడు, పేరు వేస్తే గొడవ. ఆ మిత్రుడెవరో మావాళ్ళు తొమ్మిదేళ్ళు వాదించుకున్నారు. పళ్ళ డాక్టరు ఒకరి తర్వాత ఒకరుగా ఆరుగురి పేర్లు చెప్పాడు. లెక్చరరు అది ఎప్పటికీ తేలదని నిరూపించాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతూ, మా ఆయన పేపరు చదువుకుంటుంటే, నేను ఊరికే అన్నాను. "మీ గొడుగు అట్టలో ఆయనా, మెట్ల బొమ్మ అట్టలో ఆయనా ఒకరే కదండీ?"

ఆయన పేపరు దించాడు. "ఏంటి?"

"అదే, ధుమ్ ధుమ్ ఆయన. కింది తీగ మీదకి దిగేముందు కొంచెం ఆగుతాడు. చీకట్లో ఆఖరి మెట్టు కాలితో వెతుక్కునే మనిషిలాగ. ఇంకెవరూ అలా ఆగరు."

ఆయన నా వంక చూశాడు. ఆ చూపు నాకు కొత్త. ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న డబ్బా మూత తీస్తే లోపల ఏదో పనికొచ్చేది కనిపించినప్పటి చూపు. మెట్ల అట్ట వెనక బేస్ వాయించినవాడి పేరుంది. వెంటనే లేచి, నన్ను వంటింట్లోకి పంపి తలుపు వేసి, రెండు రికార్డులూ పెట్టుకుని సాయంత్రం దాకా విన్నాడు. తర్వాతి ఆదివారం తలుపు సందులోంచి ఆయన గొంతు వినబడింది. "నాకొకటి తట్టిందండీ!"

రెండు నెలలకి ఒక సంగీత పత్రిక పోస్టులో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. నిలబడే చదివాను. "గొడుగు వెనక మిత్రుడు", నాలుగు పేజీలు, మా ఆయన పేరు, ఫోటో. ఆ ఫోటోలోని చొక్కా నేను ఇస్త్రీ చేసింది. చీకట్లో ఆఖరి మెట్టు కాలితో వెతుక్కునే మనిషి రెండో పేజీలో ఉన్నాడు, ఒక్క అక్షరం కూడా మారకుండా. చివర కృతజ్ఞతలు. పళ్ళ డాక్టరుకి, లెక్కల లెక్చరరుకి, పాతికేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న తన ఆంప్లిఫయర్‌కి.

కోపం రావాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. కుక్కర్ విజిల్ వచ్చింది గానీ కోపం రాలేదు.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుకుంటూ, "చదివావా? ఆ మెట్టు పోలిక అందరికీ నచ్చిందట. ఆఫీసులో కూడా అన్నారు" అన్నాడు.

"బాగుంది" అన్నాను.

"నాకు అప్పుడప్పుడు అలా తడుతుంటాయి" అన్నాడు. అబద్ధమాడుతున్న ముఖం కాదు అది. నమ్మేశాడు. ఆయన నమ్మకం ముందు నేను నిజంగా బట్టలే మడతపెట్టానేమో, మాట అనలేదేమో అని నాకే అనుమానమొచ్చింది.

ఆ తర్వాత ఆ పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. నెలనెలా ఒక శీర్షిక రాయాలి, రికార్డుల మీద, ఇలాగే చెవితో పట్టుకున్న సంగతులు. వచ్చే ఆదివారం తనే వస్తాడు, మూడు తెల్ల అట్టల రికార్డులు తెస్తాడు, పేర్లుండవు, సరదాగా అందరూ కలిసి విందాం అన్నాడు. మా ఆయన ఫోనులో "తప్పకుండా, తప్పకుండా" అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాక నవ్వలేదు.

శనివారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన వంటింట్లో నిలబడటం నాకు వింతగా ఉంది, బ్యాంకులో ఏనుగుని చూసినట్టు.

"ఆ సంపాదకుడు మన మెట్టు మనిషిని పట్టుకోమనే రికార్డులే తెస్తాడు. కొన్నింట్లో అతనుంటాడు, కొన్నింట్లో ఉండడు. అడుగుతాడు."

"అడిగితే చెప్పండి."

"చెప్తాననుకో. అయినా... నువ్వు కూడా వింటూ ఉండు." ఫ్రిజ్ మీది ధూళి వేలితో తుడిచి చూసుకున్నాడు. "అతనైతే ప్లేటులో బిస్కెట్లు పెట్టి తీసుకురా. కాకపోతే జీడిపప్పు. అంతే. ఎవరికీ తెలియదు."

నేను ఉల్లిపాయ తరగడం ఆపాను. "ఒకవేళ నాకు తేలకపోతే?"

"నీకు తేలకపోవడమేమిటి!" అన్నాడు.

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అది మెప్పని ఆయనకి తెలియదు కాబట్టి నేనూ గమనించనట్టే ఊరుకున్నాను.

"ఒకవేళ," అన్నాను.

"అయితే ఉత్త మంచినీళ్ళు తీసుకురా."

ఆయన వెళ్ళాక చాలాసేపు కత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆ శీర్షిక వస్తే నెలనెలా నా చెవి ఆయన పేరుతో అచ్చవుతుంది. రాకపోతే ఆయన పరువు పోతుంది, ఆ పోయిన పరువుతో నేను ఒకే ఇంట్లో ఉండాలి. నాదని చెప్పుకోవడానికి నా దగ్గరున్నది ఆ చెవి ఒక్కటే. దాన్ని ప్లేట్లో పెట్టి పంపించడమా, మానడమా? ఏదో ఒకటి గట్టిగా కావాలనిపిస్తుందేమో అని లోపల వెతికాను. ఏమీ తగల్లేదు. ఉల్లిపాయ మిగిలింది, తరిగేశాను. జీడిపప్పు డబ్బా, బిస్కెట్ల డబ్బా పక్కపక్కన పెట్టుకున్నాను. చెప్పిన పని చెయ్యడం నాకు అన్నిటికంటే సులువు.

సంపాదకుడు పెద్దాయన, తెల్ల జుట్టు, మాట మెత్తన. చెప్పులు విప్పి వాటిని సరిగ్గా సర్ది లోపలికొచ్చాడు, అది చూసి నాకు కొంచెం నచ్చాడు. నేను అలవాటుగా వంటింట్లోకి వెళ్ళి తలుపు వెయ్యబోతుంటే, "అయ్యో, తలుపెందుకమ్మా? మీరూ వినండి" అన్నాడు. మా ఆయన కూడా వెంటనే, "అవునవును, తెరిచే ఉంచు" అన్నాడు. తెరిచి ఉంటే నాకు ఇంకా బాగా వినిపిస్తుందని ఆయన లెక్క. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మొదటి రికార్డు మొదలైంది.

నేను బేస్ కోసం అలవాటుగా అరికాళ్ళు నేలకి ఆనించి నిలబడ్డాను. వచ్చింది బేస్ కాదు. ముందు ట్రంపెట్ వచ్చింది, సూటిగా, ముఖం మీదకి. దాని వెనక పియానో రెండు చేతులూ వచ్చాయి. డ్రమ్ముల మీద ఏదో సన్నగా వానలా పడుతోంది, అలాంటిది ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. వీటన్నిటి మధ్య నా ధుమ్ ధుమ్ ఆయన ఎక్కడున్నాడో కనిపించలేదు. పెళ్ళి పందిట్లో మన మనిషిని వెతుక్కున్నట్టు వెతికాను. ఒకసారి భుజం కనిపించింది, అంతలో ఎవరో అడ్డొచ్చారు. ఆ అడ్డొచ్చినవాళ్ళు ఎంత బాగున్నారంటే నేను వెతకడం మర్చిపోయాను. దవడలో ఇంజెక్షన్ దిగిపోయేటప్పుడు చిమచిమమంటుంది చూడండి, అలాంటిది మెడ వెనక మొదలైంది. హాయిగా ఏం లేదు. గోడ పట్టుకున్నాను.

రికార్డు ఆగింది. నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళాను.

మా ఆయన ట్రే వంక చూశాడు. గ్లాసుల వెనక ఏమైనా ఉందేమోనని మెడ సాచి మరీ చూశాడు. పళ్ళ డాక్టరు, "ఏంటి వదినగారూ, ఇవాళ మంచినీళ్ళతోనే సరిపెడుతున్నారు?" అన్నాడు.

"ఏమంటారు? మన మిత్రుడేనా?" అన్నాడు సంపాదకుడు.

మా ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళు దగ్గర చేర్చి, "అతనే. ఆ నడకలోనే తెలిసిపోతోంది" అన్నాడు.

"ఇది తీసేటప్పటికి అతనికి మూడేళ్ళుంటాయండీ" అన్నాడు సంపాదకుడు మెత్తగా.

"నేనూ అదే అనబోతున్నా," అన్నాడు లెక్చరరు.

రెండో రికార్డు. మళ్ళీ మంచినీళ్ళు. మా ఆయన ఈసారి కాదన్నాడు. అవునట. మూడో రికార్డు ఆగేసరికి ఆయన నుదురు తడిసిపోయింది. ఫ్యాన్ ఆపేది మరి నేనే కదా. నేను మళ్ళీ నీళ్ళ గ్లాసులతో గుమ్మం దాటగానే సంపాదకుడు నవ్వాడు. "మీ ఆయన ఇందాకట్నుంచి ట్రే వంకే చూస్తున్నారమ్మా. పాపం ఆకలిగా ఉన్నట్టుంది."

అందరూ నవ్వారు. మా ఆయనకి నవ్వు రాలేదు. ఇక వేరే దారి లేక, ఏదో సరదాకి అన్నట్టు నా వైపు తిరిగి, "నీకేమనిపించింది?" అన్నాడు. ఆ గదిలో ఆ ప్రశ్న ఆయన నోట రావడం మొదటిసారి.

"తలుపు తీసి ఉంటే నాకు తెలియదండీ" అన్నాను.

పళ్ళ డాక్టరు పడీపడీ నవ్వాడు. సంపాదకుడు నవ్వలేదు. "వేసి ఉంటే తెలుస్తుందా?" అన్నాడు.

"తెలుస్తుంది."

నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మూడు రికార్డుల్లోంచీ కొంచెం కొంచెం, వరస మార్చి, మళ్ళీ పెట్టారు. ట్రంపెట్ పోయింది. వాన పోయింది. ధుమ్ ధుమ్ మిగిలింది, ఒంటరిగా, ఎప్పటిలాగే. బయటికొచ్చి చెప్పాను. "మొదటిది ఆయన కాదు. రెండోది ఆయనే. మూడోది కూడా ఆయనే, కానీ బాగా చిన్న వయసులో. అప్పటికింకా మెట్టు వెతుక్కోవడం రాలేదు, దూకేస్తున్నాడు."

సంపాదకుడు జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. మెల్లగా తలాడించాడు. గది ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం మాత్రం నేను తయారుచేసి పంపింది కాదు.

ముందు తేరుకున్నది పళ్ళ డాక్టరు. "అబ్బా! ఎంత ట్రైనింగ్ ఇచ్చారండీ ఇంట్లో!" అని మా ఆయన భుజం తట్టాడు.

"పద్నాలుగేళ్ళ సాంగత్యం మరి" అన్నాడు లెక్చరరు. "పక్కనే ఉంటే రాయికైనా పట్టుబడుతుంది."

మా ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ముందు కొంచెం సిగ్గుపడ్డాడు, తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "అదేం లేదండీ, ఏదో వింటూ ఉంటుంది, నేను అప్పుడప్పుడూ చెప్తుంటాను" అన్నాడు. అప్పుడు నేను తెచ్చిన టీ వాళ్ళు తాగడం అయ్యేలోపు శీర్షిక ఖాయమైంది, మొదటి వ్యాసం వచ్చే సోమవారానికి ఇవ్వాలి. ఆ మూడు రికార్డులూ దానికోసం ఇక్కడే ఉంచి వెళ్తానన్నాడు సంపాదకుడు. నేను గ్లాసులు తీశాను. మంచినీళ్ళు ఎవరూ తాగలేదు.

ఆయన్ని కారులో దింపి రావడానికి మా ఆయన తాళాల కోసం లోపలికెళ్ళాడు. గేటు దగ్గర ఆ పెద్దాయనా నేనూ మిగిలాం.

"ఇంతకుముందెప్పుడైనా తలుపు తీసి విన్నారామ్మా?"

"లేదండీ. ఇవాళే."

"ఎలా ఉంది?"

ఎవరైనా అడుగుతారని అనుకోలేదు. "పైన ఇంతమంది ఉన్నారని తెలియదండీ" అన్నాను. "ఆయనొక్కడే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒక్కడే అలా నడుస్తూ ఉంటాడనుకున్నాను."

ఆయన ఏదో అనబోయాడు. లోపల్నుంచి మా ఆయన, "గేటు పూర్తిగా తియ్యి, కారు తగులుతుంది" అని అరిచాడు. తీశాను.

ఆ వారమంతా మామూలుగానే గడిచింది. అత్తగారి మందులు, ఇస్త్రీ, గ్యాస్ సిలిండరు. మా ఆయన ఇంటికొచ్చినవాళ్ళకి ఆదివారం కథ చెప్పాడు, అందులో మూడు రికార్డులూ ఆయనే కనిపెట్టాడు, నేను వచ్చి "అవునండీ" అన్నానట. "మావాడికి చిన్నప్పట్నుంచీ పాము చెవులు" అన్నారు అత్తగారు, మిషను సర్దుకుంటూ. నేను అక్కడే ఉన్నాను. ఖండించాలన్న ఊపు రాలేదు.

నన్ను తొలుస్తున్నది అది కాదు. నా చెవి నా సొంతమనుకున్నాను కదా. ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటేనని, దాన్నే దోచుకుపోయారని. అదీ కాదని తేలింది. ఆ చెవి ఆయన వేసిన తలుపు వల్ల వచ్చిందే. కాలు కట్టేసినవాడికి చేతులు బలంగా తయారైనట్టు. పద్నాలుగేళ్ళు సంగీతంలో అట్టడుగు వాటా ఒక్కటే నాకు దక్కితే, దాన్ని ఎంతో నైపుణ్యంగా తినడం నేర్చుకుని, అదే నా గొప్ప అనుకున్నాను. తలుపు తీసి వింటూ పోతే ఆ విద్య పోతుంది. మిగతావాళ్ళలాగే నాకూ బేస్ ఎక్కడుందో తెలియకుండా పోతుంది. గొడుగు అట్టల రహస్యాలు ఇక తెలియవు. ఇది నష్టమేనా అని గిన్నెలు తోముతూ లెక్కేశాను. లెక్క తేలలేదు. మెడ వెనక ఆ చిమచిమ మాత్రం రోజులో రెండు మూడుసార్లు, కారణం లేకుండా, వచ్చి పోతోంది.

శనివారం మధ్యాహ్నం మా ఆయన కాగితాలు, పెన్ను, సంపాదకుడు వదిలివెళ్ళిన రెండో రికార్డు పట్టుకుని హాల్లో కూర్చున్నాడు. అత్తగారు పడుకున్నారు. నేను ఫ్యాన్ ఆపి, గడియారం దించి, బీరువాలో పెట్టి వచ్చాను. ఆయన సూది పెట్టాడు. రికార్డు తిరగడం మొదలైంది.

"వెళ్ళు. తలుపేసుకో" అన్నాడు తలెత్తకుండా. "సరిగ్గా విను, ఈసారి కొంచెం వివరంగా కావాలి. రెండు పేజీలకి రావాలి. వచ్చేటప్పుడు టీ."

రెండు స్పీకర్లకీ సమదూరంలో ఉండే కుర్చీ ఒకటుంది. పద్నాలుగేళ్ళుగా దాని గలేబు ఉతుకుతున్నాను, ఎంత మెత్తగా ఉంటుందో తెలియదు. వెళ్ళి అందులో కూర్చున్నాను. మరీ అంత మెత్తగా ఏం లేదు.

ట్రంపెట్ వచ్చింది.

ఆయన తలెత్తాడు. "అక్కడ కూర్చున్నావేంటి? ఇక్కడ్నుంచి నీకు ఏం తెలుస్తుంది?"

"ఏం తెలియదు" అన్నాను.

"సోమవారానికి ఇవ్వాలి!"

"తెలుసు." బల్లమీద ఆయన కాగితాలు, పెన్ను నా వైపుకి లాక్కున్నాను. "మీరు వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకోండి. ఏం వినిపించిందో వచ్చి చెప్తే నేను రాసుకుంటాను."